దగ్గుల పుస్తకంలో వదిలేసిన గడి

2003లో మావారి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని ఏలూరు డాక్టరుగారు చెప్పారు. పూర్తిగా నయం కాదు, ముదరకుండా చూసుకోవాలన్నారు. "ఆయాసం దేనివల్ల పెరుగుతోందో రాసిపెట్టండమ్మా" అని ఆయన అన్న రోజే నలభై పేజీల నోటు పుస్తకం కొన్నాను. తేదీ, వేళ, గాలి వాలు, ఇన్‌హేలర్ ఎన్నిసార్లు, మిల్లు బూడిద పడిందా లేదా అని గడులు గీశాను.

తాడేపల్లిగూడెంలో మా ఇంటికి తూర్పున రైసు మిల్లు ఉండేది. ఊక కాల్చిన నల్లటి బూడిద ఆరేసిన పంచెల మీద రాలేది. తప్పు దానిదేనని మొదటి రోజే తేల్చుకున్నాను. మూడు నెలల్లో ఇరవై ఒక్కసారి ఆయాసం వచ్చింది. ఇరవై ఒక్కసారీ బూడిద గడిలో గుర్తు పడింది. అది రోజూ పడేదే కదా, గుర్తు పడక ఏమవుతుంది? అప్పుడు నాకా ఆలోచన రాలేదు.

ఒక సోమవారం ఆయన్ని కలిదిండిలో మా చెల్లెలింటికి తీసుకెళ్లాను. చుట్టూ చేపల చెరువులే, మిల్లు లేదు. గురువారానికి చెరువుగట్టు మీద ఆగకుండా నడిచారు. గూడెం ఇల్లు అద్దెకిచ్చేసి ఇక్కడే ఉండిపోదామన్నాను. ఆ ఇంట్లో ముప్పై ఒక్క ఏళ్లున్నాం.

శుక్రవారం పొద్దున ఎప్పట్లాగే తలంటుకుని, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. పక్కగదిలో దగ్గు మొదలైంది. ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చాక గానీ ఆయనకు మాట రాలేదు.

"మిల్లుని వెంటబెట్టుకొచ్చావేంటే?" అన్నారు నవ్వబోతూ.

"ముందు ఊపిరి తీసుకోండి బావగారూ, వేళాకోళాలు తర్వాత" అని మా చెల్లెలు కిటికీలు తెరిచి, నిప్పులు పెరట్లోకి పట్టుకెళ్లింది.

నేను పుస్తకం, గోడ మీది క్యాలెండరూ ముందేసుకుని కూర్చున్నాను. తేదీలు రాశాను గానీ వారాలు రాయలేదు. ఇప్పుడు ఒక్కో తేదీ పక్కన వారం వేసుకుంటూ వచ్చాను. ఇరవై ఒకటిలో పన్నెండు శుక్రవారాలే. రెండుసార్లు కూడి చూశాను.

"ఏవండీ, ఇది నా సాంబ్రాణి వల్లండీ."

"తెలుసు."

"తెలిసీ చెప్పరేం?"

"వారమంతా ఇంటికే చేస్తావు. నీకంటూ చేసుకునేది అదొక్కటేగా. ఎలా మానమంటాను?"

కోపమొచ్చింది. మూడు నెలలు నాతో తప్పుడు లెక్క రాయించారు మరి. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, ఇంకేం దాచారో చెప్పమన్నాను. మిరపకాయల పోపు, నా పౌడరు, చీపురు దుమ్ము. ఒక్కొక్కదానికి గడి గీశాను.

ఆదివారం గూడెం తిరిగొచ్చాం. మిగిలిన తొమ్మిదింటికీ బూడిదే కారణమైనా కావచ్చు. అందుకని తూర్పుగాలి తిరిగిన రోజు తలుపులు వేసి, చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడిచేదాన్ని.

ఆపై శుక్రవారం డాబా మీద ఎండలో జుట్టు ఆరబెట్టుకున్నాను. పది నిమిషాల పనికి ముప్పావుగంట పట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మొత్తం పదహారు మెట్లు. ఆయన రెండుచోట్ల ఆగారు, దగ్గలేదు. పైకొచ్చి నా పక్కన కూర్చుని, "ఇది కూడా రాసుకో" అన్నారు.