మార్కాపురం పలక మీద గ్రహణం

ఆ రోజుల్లో రాష్ట్రం కొత్తది, నా ఉద్యోగం కొత్తది, నా తెలివి ఆ రెండింటికంటే కొత్తది. మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ట్రైనింగు పూర్తిచేసి, ఊరి చివరి బడిలో అయ్యవారుగా చేరి, మా మేనత్త ఇంట్లో మకాం పెట్టాను. అత్త పలకల కార్ఖానాలో పనిచేసేది. రాతి బిళ్ళలను తడిగుడ్డతో నున్నగా తుడిచి, చట్రాలు బిగించేవాళ్ళకు అందించడం ఆమె పని. ఆమె తుడిచిన పలకల మీద ఎన్ని ఊళ్ళ పిల్లలు ఓనమాలు దిద్దారో గానీ, ఆమె మాత్రం ఒక్క అక్షరం దిద్దలేదు. ఈ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. నాకు తట్టని సంగతులు అప్పట్లో చాలానే ఉండేవి.

బడి తెరిచిన కొద్దిరోజులకే, పొద్దుటి పూట సూర్యగ్రహణం వస్తుందని పేపర్లో పడింది. ఊరంతా తలుపులు మూసుకుని లోపల కూర్చునే ఏర్పాట్లలో ఉంటే, నేను ఇంటింటికీ తిరిగి, "పిల్లల్ని పంపండి, కళ్ళకేమీ కాకుండా చూపిస్తాను, పూచీ నాది" అని చెప్పి వచ్చాను. మేకలు కాసే ఒక పెద్దాయన, "చూస్తే కండ్లు పోతాయంట గదా అయ్యోరా, మా మనవడికి ఏమన్నా అయితే ఏంది గతి?" అని అడిగాడు. "అయితే నా కళ్ళు పీకి ఇస్తాను" అన్నాను. (ఇరవై ఏళ్ళ వయసులో ఒంట్లో ఏ భాగాన్నైనా ఇట్టే పందెం కాసేస్తాం.) ముందురోజు సాయంత్రం పగిలిన గాజు ముక్కలు ఏరుకొచ్చి, అంచులు అరగదీసి, కిరసనాయిలు బుడ్డి మీద పెట్టి చిక్కగా మసి పట్టించాను. "ఇంత మసి ఎందుకబ్బయ్యా?" అంది అత్త. "ఇది సైన్సు అత్తా, నీకు తెలియదులే" అన్నాను. (మసి గాజు కూడా కంటికి కాపు కాదని తర్వాత తెలిసింది. అంటే ఆ సైన్సు నాకూ తెలియదన్నమాట.)

తెల్లవారింది. ఇరవైమంది పిల్లలు వచ్చారు. తలా ఒక గాజు ముక్క చేతిలో పెట్టి, నేను చెప్పేదాకా పైకి చూడొద్దని హెచ్చరించి, నేల మీద పుల్లతో సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీస్తూ ఉపన్యాసం అందుకున్నాను. ఉపన్యాసం బాగా సాగుతోంది. కానీ మార్కాపురంలో పుట్టిన పిల్లలకు నల్లటి బిళ్ళ చేతికిస్తే చేసే మొదటి పని ఒక్కటే. ఉమ్మి, మోచేత్తో తుడవడం. నేను చంద్రుడి దగ్గరికి వచ్చేసరికి ఇరవైమందీ తుడిచేశారు. అది చూడకుండానే నేను చెయ్యెత్తి, "ఇక పైకి చూడండి!" అనబోయాను.

"కండ్లు మూయండిరా!" అని కేక వినిపించింది. గ్రహణమని కార్ఖానాకు సెలవిస్తే, నా పూచీ ఎట్లా ఉందో చూద్దామని వచ్చిన మా అత్త! "మూసుకొని నేల దిక్కు తిరగండి! అబ్బయ్యా, మసి ఏదీ? నీ చేతిలోది తప్ప అన్నీ తళతళా మెరుస్తా ఉండాయి." చూశాను. మేకల పెద్దాయన మొహం గుర్తొచ్చింది. పిల్లలు కళ్ళు మూసుకునే, "బాగా తుడిచినాం అయ్యోరా!" అన్నారు మెప్పు కోసం.

అత్త వాళ్ళందరినీ బడి గదిలోకి తోలి, తలుపు మూసి, కిటికీకి గోనెపట్టా కప్పింది. తూర్పు వైపు తలుపులో మేకు ఊడిన చిల్లు ఒకటుంది. అందులోంచి ఎండ వచ్చి ఎదుటి గోడ మీద బిళ్ళలా పడింది. ఆ బిళ్ళను ఒక పక్క ఎవరో కొరికేసినట్టుంది! సాక్షాత్తూ గ్రహణం, గోడ మీద, ఎవరి కంటికీ చెరుపు లేకుండా.

"నీకెట్ల తెలుసత్తా?" అన్నాను నోరు తెరిచి.

"గ్రహణమంటే ఆడోళ్ళను లోపలేసి తలుపులు మూస్తారు గదా. చీకట్లో ఏం చేస్తాం? గోడ మీద చూస్తా కూర్చుంటాం. పోయినసారీ ఇట్లనే వచ్చినాది."

చూడకూడదని లోపల కూర్చోబెట్టిన వాళ్ళే ఇన్నాళ్ళూ హాయిగా చూస్తున్నారు! అప్పుడు ఆమె మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. పిల్లలు ఒక పలకను గోడకు ఆనించి, ఆ వెలుగు అంచు వెంబడి కాసేపటికొకసారి బలపంతో గీశారు. కొరుకుడు పెరగడం, తరగడం వరసగా పడ్డాయి. "దీన్ని తుడిచినారంటే చూడండి!" అంది, జీవితమంతా పలకలు తుడిచిన మా అత్త.

అది చెరిగిపోకూడదని, ఆ సాయంత్రం ఆ గీతలన్నీ మేకుతో లోతుగా చెక్కాను. కింద నా పేరూ చెక్కాను. "ఏం రాసినావబ్బయ్యా?" అని అత్త అడిగితే, "గ్రహణం అని రాశానత్తా" అన్నాను. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ పలక చూసి నా భుజం తట్టాడు. అత్త మురిసిపోయి వీధంతా చెప్పుకుంది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. పలక ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొన్న కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక, కొత్త చూపుతో మొట్టమొదట కనిపించింది దాని మీద నా పేరే. సిగ్గేసింది. ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, ఉమ్మి, మోచేత్తో గట్టిగా రుద్దాను. ఎనభై దాటిన అయ్యవారు ఒంటరిగా పలక తుడుచుకుంటున్నాడని నాకే నవ్వొచ్చింది. ఎంత రుద్దినా పేరు పోలేదు.