ముక్కు హమీద్

గోదావరిఖనిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన బండ్లు బాగుచేసే హమీద్ రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద పేరు ఎప్పుడో దుమ్ములో కలిసిపోయింది. జనానికి అది ముక్కు హమీద్ షెడ్డు. పాత బండి కింద చుక్క పడితే చాలు, వేలికి అంటించుకుని వాసన చూసి అది ఇంజన్ ఆయిలో, గేరాయిలో, బ్రేకాయిలో చెప్పేవాడు. వేరే ఊళ్ళో రంగు చూసి చెప్పొచ్చు. ఇక్కడ ఏది కారినా పూట తిరిగేసరికి బొగ్గు దుమ్ము పట్టి ఒకటే నల్ల బురద.

ఆ ముక్కు పోయింది. ఏడాది కిందట కూరలో మసాలా వాసన అందడం మానేసింది. భార్య షహజాదీ బేగం అడిగితే "జలుబు" అన్నాడు. షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. చెబితే బండ్లు పక్క షెడ్డుకు పోతాయి. ఏ ఆయిల్ తగ్గిందో డబ్బాల్లో చూసి నెట్టుకొస్తున్నాడు. బొగ్గు మీద తాడిపత్రి పట్టా కప్పని లారీలు పొద్దంతా ఆ రోడ్డున పోతూనే ఉంటాయి. గనిలో దిగినవాడి ఊపిరితిత్తుల గురించైనా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడతారు. రోడ్డు పక్కన బతికేవాడి ముక్కు ఎవరికీ పట్టదు.

ఆ రోజు ఎల్లన్న తన పాత సుమో తెచ్చాడు. ఓపెన్‌కాస్టు గనికి పోయే కాంట్రాక్టు కూలీలను మోసే బండి అది. కాంట్రాక్టరు బస్సు పెట్టడు, వాళ్ళే తలా ఇంత వేసుకుని ఎక్కుతారు.

"హమీదన్నా, వెనక చక్రం లోపట ఏందో కారుతంది. జల్ది సూడు, రెండో షిఫ్టోళ్లు నిలబడ్డరు."

"నిలబడనియ్యి. నీ బండి నీ లెక్కనే అయింది, ఏడ ఒత్తినా కారుతది."

హమీద్ చక్రం ఊడదీశాడు. బ్రేకు డ్రమ్ము నిండా నల్ల బురద. అక్కడ కారేవి రెండే. ఇరుసు సీలు అరిగితే గేరాయిల్, బ్రేకు సిలిండర్ రబ్బరు పోతే బ్రేకాయిల్. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఇంకోసారి గట్టిగా పీల్చాడు. ఎల్లన్న చూస్తూనే ఉన్నాడు. హమీద్ బానెట్ ఎత్తి బ్రేకాయిల్ డబ్బా చూశాడు. నిండుగా ఉంది, అంటే కారింది అది కాదనుకున్నాడు. పొద్దున అడుగంటిన డబ్బాను ఎల్లన్నే సీసా కొని నింపాడు. ఆ సంగతి ఇతను అడగలేదు, అతను చెప్పలేదు.

"గేరాయిలే. సీలు పోయింది" అని కొత్త సీలు వేసి, డ్రమ్ము తుడిచి, చక్రం బిగించి పంపాడు.

మధ్యాహ్నం ఇంటికి పోయి అంగీ విప్పి అన్నానికి కూర్చున్నాడు. షహజాదీ బేగం దాన్ని బకెట్లో వేయబోయి ఆగింది. ఇంట్లో వాళ్ళ మాట దక్కనీ ఉర్దూ. ఆ మాటలోనే అడిగింది.

"ఇయ్యాల ఏం పని జేసిన్రు?"

"వెనక సీలు. గేరాయిల్ కారింది."

"గేరాయిల్ అంగీ అయితే చేతుల పట్టంగనే కడుపుల తిప్పుతది నాకు. పెండ్లైనకాడికెల్లి ఉతుకుతున్న. దీనికి ఆ కంపే లేదు."

హమీద్ ముద్ద వదిలేసి లేచాడు. ఎల్లన్నకు ఫోన్ చేస్తే కలవలేదు. మోపెడ్ తీశాడు.

గని గేటుకు ముందు రోడ్డు వాలుగా దిగుతుంది. అక్కడ సుమో మట్టికుప్పలో సగం దూరి ఆగి ఉంది. ఎల్లన్న తల పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"బ్రేకు తొక్కితే తొక్కినట్టే కిందికి పోయిందన్నా. మట్టిల పెట్టిన, లేకుంటే లారీ కిందికే."

"పొద్దుగాల బ్రేకాయిల్ పోసినవా?"

"జర తక్కువుంటే పోసిన. నువ్వు అడగకపోతివి."

సారక్క గనిలో బొగ్గు మోసే బెల్టు కింద రాలింది ఎత్తే కూలీ. నుదురు చీరుకుపోయి, కొంగు అదిమిపట్టుకుని నిలబడింది. "హమీదన్నా, నువ్వు వాసన సూసినవంటేనే ఎక్కినం."

"నాకు వాసన రాక ఏడాదైంది, సారక్కా."

"మరి గా ముచ్చట జెప్పద్దానే! పానాలు గదా మేం ఎక్కిచ్చింది?"

ఈలోపు కాంట్రాక్టరు మనిషి వచ్చి చూసి, గేటు బయట జరిగింది కాబట్టి ఇది డ్యూటీలోకి రాదన్నాడు. ఆలస్యమైనందుకు మిగతావాళ్ళకు ఆ పూట హాజరు వేయలేదు. గేటుకు ఇవతల కారిన నెత్తురుకు ఎవరూ బాధ్యులు కారు. సారక్క ఆటోలో దవాఖానకు పోయి కుట్లు వేయించుకుంది.

మర్నాటి నుంచి షహజాదీ బేగం షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చునేది. హమీద్ కారిన చోట తుడిచి గుడ్డ అందిస్తే, వాసన చూసి "బ్రేకు" అనో "గేరు" అనో చెప్పేది.

"ముక్కు మారిందిర బై, ఇంజను పాతదే!" అని ఎల్లన్న నవ్వించాడు. రావడం మానేసిన బండ్లు మళ్ళీ వచ్చాయి. చలికాలం గడిచింది. లారీల మీద తాడిపత్రి మాత్రం రాలేదు.

ఎండలు ముదిరేవేళకు సుమో మళ్ళీ వచ్చింది, అదే చక్రం. లోపల కూలీలు షిఫ్టు దుస్తుల్లో ఉన్నారు. హమీద్ గుడ్డ అందించాడు. షహజాదీ బేగం చాలాసేపు ముక్కుకు పట్టుకుంది. మడత తిప్పి మళ్ళీ పట్టుకుంది. సారక్క కిటికీలోంచి చూస్తోంది, నుదుటి మీద కుట్ల మచ్చతో.

"జలుబు జేసింది" అంది షహజాదీ బేగం.

హమీద్ ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు.

"అందరు దిగుండ్రి" అన్నాడు బండి వైపు తిరిగి. "ఎల్లన్నా, పక్క షెడ్డుకు తీస్కపో. నడపకు, నెట్టుకపో. ఇగ ఈడికి తేకు."

"షిఫ్టు టైమైతందన్నా!"

"దిగుమంటున్న గదా!"

మొదట దిగింది సారక్కే. మాట్లాడకుండా వెనక్కి పోయి బండికి భుజం ఆనించింది. మిగతావాళ్ళూ వచ్చి చేతులు వేశారు. లారీల దుమ్ములో, రోడ్డు అంచున, వాళ్ళు సుమోను నెట్టుకుంటూ పక్క షెడ్డు వైపు పోయారు.