పసుపు నీళ్ళకు తొంభై రెండు

మా మేడమ్ పోయారన్న కబురు వచ్చేసరికి ల్యాబులో సెంట్రిఫ్యూజ్ తిరుగుతోంది. రక్తం గొట్టాలను గిరగిరా తిప్పి ఎరుపును అడుగుకు దించి, పసుప్పచ్చటి సీరాన్ని పైకి తేల్చే యంత్రం అది. అందులో తిరుగుతున్న ఆరు గొట్టాల్లో ఒకటి ఆమెదే. ఆ పొద్దున ఆరింటికి మైపాడులో వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళి ఆ రక్తం తీసుకొచ్చింది నేనే. పదింటికి ఆ చెల్లెలు ఫోను చేసి, "అక్క లేదు నాయనా, నువ్వు పోయినాక నిద్రపోయింది, అంతే" అంది.

మూత తెరిచి ఆ యంత్రాన్ని ఆపెయ్యాలనిపించింది. కానీ తిరిగేదాని మీద చెయ్యి వెయ్యకూడదు, దానంతట అది ఆగేదాకా నిలబడాలి అని నేర్పిందీ ఆవిడే. నిలబడ్డాను. పరగడుపున వచ్చిన జనం బయట బెంచీ మీద గొణుక్కుంటూనే ఉన్నారు.

నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్లను తయారుచేసే ఒక కాలేజీలో ఆమె మాకు పాఠాలు చెప్పారు. డాక్టర్లకు చదువు చెప్పినవాళ్ళకు దండలు వేస్తారు. సూది గుచ్చేవాణ్ణి మాత్రం జనం తిట్టుకుంటారు, వాడికి సూది పట్టడం నేర్పిన మనిషి ఒకరు ఉంటారని ఎవరికీ తోచదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

క్లాసుకు వచ్చేటప్పుడు గాజులు తీసి జేబురుమాల్లో కట్టుకునేవారు. ఎండాకాలంలో కూడా మోచేతులు దాటిన జాకెట్టే. మోచేతి మడతలో ఉండే నల్లమచ్చలు కనిపించకుండా ఉండటానికని మాకు తర్వాత తెలిసింది. బ్యాచ్‌లో ఎవరి చెయ్యి ఎక్కువ వణికితే వాళ్ళకు మొదటి సూది కోసం తన చెయ్యి చాపేవారు. అల్లరిలో నేను మొనగాణ్ణే గాని, సూది చేతికిస్తే తాటాకులా వణికాను. నేను మొదట పట్టిన నరం ఆమెదే. రెండుసార్లు తప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "తొందర లేదు, నాకింకో చెయ్యి కూడా ఉండాది" అన్నారు.

ఇంకో పాఠం పేరు గురించి. రోగి పేరు మనం చెప్పకూడదు. "లచ్చమ్మేనా అనబాకు. జొరంలో ఉండే మనిషి దేనికైనా ఊ అంటది. నీ పేరేందమ్మా అని అడుగు. ఆమె నోట్లోంచి వచ్చినాకనే గొట్టం మీద రాయి." ముందే పేర్లు రాసిపెట్టుకున్న గొట్టాలు ఎక్కడైనా కనబడితే, మాట్లాడకుండా తీసి చెత్తబుట్టలో వేసేవారు.

అలాంటి మనిషి దగ్గర నేను చేసిన వెధవ పని వినండి. ఒకరోజు ప్రాక్టికల్లో మూత్రం సీసాల వరసలో క్యాంటీన్ టీ డికాక్షన్ పెట్టాను. నాలుగు చెంచాల చక్కెర కలిపి, నీళ్ళు పోసి పలచన చేసి, మీద ప్రిన్సిపాల్ పేరు రాశాను. పరీక్షకు వాడే నీలం మందు పోసి కాస్తే ఎర్రగా మారుతుందని, ప్రిన్సిపాల్‌కి షుగరని గోల చెయ్యొచ్చని నా ఆశ. ఎంత కాచినా నీలంగానే ఉండిపోయింది. మేడమ్ వచ్చి వాసన చూశారు. నా మొహమూ చూశారు.

"టీలో వేసే చక్కెర ఈ పరీక్షకు చిక్కదురా. అల్లరి చేసేవాడికైనా పాఠం రావాల గదా. గ్లూకోజు పోసుంటే నీ పని అయ్యేది."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం సీసా మీది పేరును స్పిరిట్ దూదితో తుడుస్తూ, నాకొక్కడికే వినబడేలా అన్నారు. "సీసాలో ఏం పోసినా కడుక్కోవచ్చు. పేరుతో ఆడబాకు."

తమాషా ఏమిటంటే, నా అల్లరి ఆమెకు నచ్చింది. ఆ వారం నుంచి ప్రతి ప్రాక్టికల్లో ఒక దొంగ సీసా పెట్టడం మొదలుపెట్టారు. మేము దాన్ని గుడ్డి సీసా అనేవాళ్ళం. ఒకసారి గంజి, ఒకసారి సబ్బునీళ్ళు. ఇది రక్తం కాదు, రిపోర్టు ఇవ్వలేను అని రాసినవాడే గెలిచినట్టు. "తెలీదు అని రాసేదానికి గూడా చదువు కావాల" అనేవారు. మేమంతా ఆ మాట తలా ఒక గొంతుతో అనుకరించేవాళ్ళం. నేనైతే ఆమె నడకతో సహా.

చివరి ప్రాక్టికల్ పరీక్ష రోజున ఐదు గొట్టాలు ఇచ్చారు. షుగరు కొలవాలి. కలరు చూసే మిషను దగ్గర క్యూ పొడుగ్గా ఉంది, నాకేమో మ్యాట్నీకి టైమవుతోంది. రెండు కొలిచి, మిగతా మూడింటికి చూపుతోనే అంకెలు వేసేశాను. మేడమ్ నా కాగితం చదివి, చాలా నెమ్మదిగా అడిగారు.

"ఈ మూడో మనిషి ఎట్టుండాడు అబ్బయా?"

"బాగుండాడు మేడమ్. తొంభై రెండు. నార్మల్."

"వాడు పసుపు నీళ్ళురా."

క్లాసు పగలబడి నవ్వింది. ఆమె నవ్వలేదు. ఫెయిల్ చేశారు. మళ్ళీ వచ్చి పరీక్ష రాయమని మూడుసార్లు కబురు పెట్టారు. నన్ను నవ్వులపాలు చేసిన మనిషి ముందుకు వెళ్ళేది లేదని పౌరుషానికి పోయాను. నా బతుక్కు గడియ పెట్టుకున్నది అక్కడే. పెట్టింది ఆమేనని ఇరవై ఏళ్ళు తిట్టుకున్నాను.

సర్టిఫికెట్ లేనివాణ్ణి ఆస్పత్రులు గడప తొక్కనివ్వలేదు. చివరికి మైపాడు రోడ్డులో ఒక గది ల్యాబులో చేరాను. ఒక షట్టరు, ఒక ఫ్రిజ్జు, ఒక సింకు, కిటికీ లేదు. సముద్రం దగ్గరే గనక ఉప్పుగాలి తగులుతుంది, సముద్రం మాత్రం కనబడదు. గోడకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఒకటుంది. అది నాది కాదు. దాని మీది ఫోటోలో ఉన్నాయన ఎవరో, ఎక్కడున్నాడో నేనెరగను. రిపోర్టుల కింద ఉండేది ఆయన పేరే. పేరుతో ఆడబాకు అన్న మనిషి శిష్యుణ్ణి గదా, పగలంతా పరాయి పేరుతోనే ఆట. మానేస్తానని ఎప్పుడన్నా నోరెత్తితే ఓనరు ఆ ఫ్రేము వంక చూసి, "యాడికి పోతావు సామీ" అని నవ్వేవాడు. నిజమే, యాడికి పోను?

ఇక సింకు సంగతి. చెప్పడానికి సిగ్గే. పరీక్షకు వాడే మందు అయిపోయినప్పుడు, జనం ఎక్కువైనప్పుడు, పైకి బాగున్నట్టు కనబడేవాళ్ళ గొట్టాలను సింకులో పోసెయ్యమనేవాడు ఓనరు. అంకెలు నేను వేసేవాణ్ణి. ఎనభై ఎనిమిది, తొంభై నాలుగు, తొంభై ఏడు. నమ్మేలా వెయ్యడంలో నాకు నేనే సాటి. తొంభై రెండు మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. ఆ అంకె దగ్గరికి రాగానే చెయ్యి దానంతట అదే పక్కకు జరిగేది.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున మాస్కు కట్టుకున్న పెద్దావిడ వచ్చారు. చీటీలో పేరు చూసి నేనే పిలిచాను, ఆవిడ ఊ అన్నారు. కాలేజీలో ఆమె మాకు మేడమే గాని పేరెవరికి గుర్తు? నేను తలెత్తి మొహం కూడా చూడలేదు. నరం ఒక్క పోటుకే దొరికింది. ఆ నరం నాకు పాత చుట్టమని అప్పుడైనా తోచలేదు. సాయంత్రం రిపోర్టు ఇచ్చాను. షుగరు తొంభై నాలుగు. ఆవిడ అక్కడే నిలబడి చదువుకుని, మాస్కు కిందికి లాగారు.

"నాకు షుగరొచ్చి పన్నెండేళ్ళు. పొద్దున ఇడ్లీ తినేసి, మాత్ర మానుకోని వచ్చినా. తొంభై నాలుగంట." కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. "ఈసారి గుడ్డి సీసా నేనేరా."

వందమందిని ఏడిపించిన నోరు నాది. ఆ రోజు అదే నోటితో, ఫ్రేము చూపించి, అది నాది కాదని, ఈ గది దాటితే నన్ను ఎవరూ రానివ్వరని చెప్పాను. ఇప్పుడు పరీక్ష రాయడానికి వీలుందా అని కూడా అడిగాను. చదువే మారిపోయిందని, నా నంబరు ఏ రికార్డులోనూ మిగల్లేదని చెప్పారు. తిడతారనుకున్నాను. ఫిర్యాదు చేస్తారనుకున్నాను. బెంచీ మీద కూర్చున్నారు.

"మూడుసార్లు కబురు పెట్టినా. నాలుగోసారి నేనే వచ్చుండాల్సింది" అన్నారు. కాసేపటికి లేస్తూ, "గది నీ చేతిలో లేదు. సరే. గొట్టం నీ చేతిలోనే ఉండాది గదా" అన్నారు.

వారం తర్వాత మా ఓనరు తన రక్తం తనే ఇచ్చాడు. గుండె దడగా ఉందని భయం. నేను సాయంత్రానికి చక్కటి రిపోర్టు చేతికిచ్చాను. చూసి మురిసి, టీ తెప్పించాడు. సగం తాగేదాకా ఆగి, "నీ రక్తం పొద్దున్నే సింకులో పోసినా అన్నా. శానా బాగుండాది" అన్నాను. గ్లాసు పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. పంపించేస్తాడనుకున్నాను. కానీ నన్ను పంపితే ఆ ఫ్రేము కింద నిలబడేవాడు దొరకాలి గదా. ఆయనా నాలాగే ఇరుక్కుపోయినవాడని ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి ఎన్ని ఉంటే అన్ని చేస్తున్నాను. మందు లేకపోతే 'చెయ్యలేదు' అని రాస్తున్నాను. ఓనరు సణుగుతాడు. సింకు మాత్రం ఎండిపోయింది.

మేడమ్ నెలనెలా వచ్చేవారు. ప్రతిసారీ నేను పేరు అడగాలి, ఆమె చెప్పాలి. ఒకసారి ఎగతాళిగా, తెలిసిన పేరే గదా మేడమ్ అన్నాను. సూది దగ్గరికి వచ్చిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. అడిగాకే మళ్ళీ ఇచ్చారు. పోయిన ఏడాది ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. అంకెలు నెలకు నెల పాడవుతుంటే, నేను మెత్తగా చెప్పబోయేవాణ్ణి. ఆమె కాగితం లాక్కుని చదువుకుని, "ఇది కొలిచిన అంకె. దీన్ని చూస్తే నాకు భయం లేదు" అనేవారు.

ఆ చివరి పొద్దున పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. మొదటి అక్షరం దగ్గరే ఊపిరి అందలేదు. చెల్లెలు అందివ్వబోతే చేత్తో వారించారు. పూర్తిగా చెప్పాకే రాసుకున్నాను. నేను మొదట తప్పిన నరమే, ఈసారి తప్పలేదు.

సెంట్రిఫ్యూజ్ ఆగింది. ఓనరు వెనకనుంచి, "పోయిన మనిషికి రిపోర్టు ఎందుకు సామీ? మందు దండగ. పోసెయ్" అన్నాడు. చెడ్డగా అన్నది కాదు, అలవాటు. నేను సీరం తీసి షుగరు పెట్టాను.

తొంభై రెండు.

మళ్ళీ చేశాను. ఇంకోసారి చేశాను. కిడ్నీ చెడిన మనిషికి షుగరు అలా దిగుతుందని ఆమే చెప్పారు ఒకప్పుడు. అయినా మూడుసార్లూ తొంభై రెండే. నేను కొలిచానంటే లోకంలో నమ్మాల్సిన మనిషి ఒక్కరే, ఆవిడ లేరు.

రిపోర్టు పూర్తిగా రాశాను. కింద ఫ్రేములోని ఆయన పేరుండే చోట ఖాళీ వదిలేశాను. ఎవరూ తీసుకెళ్ళని రిపోర్టుల పెట్టెలో అది ఇప్పటికీ ఉంది. గొట్టంలో కొంచెం సీరం మిగిలింది. ఫ్రిజ్జు తెరిచినప్పుడల్లా కనిపిస్తుంది. గొట్టం మీద ఆమె నోటితో చెప్పిన పేరు, నా రాత, దాని వెనకాల ఆ సీరం, అచ్చం పసుపు నీళ్ళలాగే.