అక్క ఖాళీ చేసిన సూట్‌కేసులు

మొన్న ఇండియా ప్రయాణానికి సర్దిన సూట్‌కేసుని తూకం మీద పెడితే రెండు పౌండ్లు ఎక్కువ చూపించింది. తగ్గిద్దామని తెరిస్తే అన్నిటికంటే పైన నాన్న ఉన్ని మఫ్లర్ ఉంది. అక్క పెట్టింది. ఎండాకాలంలో రాజమండ్రి వెళ్ళేవాడికి మఫ్లర్ ఎందుకని మా ఆవిడ అడగలేదు. నేను చాక్లెట్ల డబ్బా ఒకటి తీసి పక్కన పెట్టాను.

ఎనభైల్లో చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మాతో మసలినవాళ్ళకి అక్క గుర్తుండే ఉంటుంది, ఎవరింటికి వెళ్ళినా మంచాల కింది సూట్‌కేసులు లాగి, బట్టలన్నీ నేలమీద పోసే మనిషిగా. అప్పటికి ఆమెకి ఇరవై దాటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. "థెరపీ అని ఏడాది తిప్పారు, ఏం ఒరిగింది? ఆ పిల్లకి ఎక్కితేగా!" అనే ఆంటీలు ఇప్పటికీ ఉన్నారు. తప్పు అక్కది కాదని చెప్పవలసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఇన్నాళ్ళూ చెప్పలేదు.

డెబ్బైలు ముగిసే రోజుల్లో ఒక చలికాలం ఉదయం, చికాగో రైలుకి టైమవుతోందని గబగబా ఇంటిముందు మంచు ఎత్తిపోస్తూ నాన్న అలాగే కూలిపోయారు. కిటికీలోంచి చూసింది అక్క ఒక్కతే. తట్టుకోలేదని పెద్దలందరూ అనడంతో ఆమెని పక్కవీధి ఆంటీ ఇంట్లో ఉంచేశాం, అంత్యక్రియలకి తీసుకెళ్ళలేదు. అస్థికలు గోదావరిలో కలపడానికి బాబాయి బయల్దేరే రోజున అక్క ఇంటికి వచ్చేసరికి, అమ్మ ఆ చిన్న కలశాన్ని నాన్న పంచెలో చుట్టి, సూట్‌కేసులో బట్టల మధ్య పెడుతూ, "ఏమండీ, ఏమండీ" అని దానితోనే మాట్లాడుతోంది. నాన్నేడని అక్క నన్ను అడిగింది. హైస్కూల్లో ఉన్న నేను, నాన్న ఇండియా వెళ్తున్నారని చెప్పి ఊరుకున్నాను.

ఆ తర్వాతే మొదలైంది. పగలు ఆమె వెళ్ళే వర్క్‌షాపులో, ఆమెలాంటివాళ్ళ చేత నట్లూ బోల్టులూ కవర్లలో నింపించే చోట, తోటివాళ్ళ సంచులు కూడా బోర్లించసాగింది. ఇలాగైతే ఉంచుకోలేమన్నారు. వాళ్ళు వద్దంటే ఇక మిగిలింది ఇలాంటివాళ్ళని ఉంచే, ఊరికి దూరంగా ఉన్న పెద్ద సంస్థ. అక్కడ చేరినవాళ్ళు మళ్ళీ ఇంటికి రావడం అరుదు.

చివరి ప్రయత్నంగా ఒక అమెరికన్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళాం. ఇలాంటివాళ్ళకి దిగులేమిటని చాలామంది నవ్వే ఆ రోజుల్లో, ఆవిడ నేలమీద అక్క పక్కనే కూర్చునేది. అక్కకి తెలుగే వచ్చు కాబట్టి ఇద్దరి మాటలూ మార్చి చెప్పడానికి మధ్యలో నేను. ఒకరోజు ఆవిడ ఒక చిన్న పెట్టె ముందుపెట్టి, ఇందులో ఏముందో అక్కని అడగమంది. అక్క దానిమీద చెయ్యి వేసి, గుసగుసగా, "నాన్న. మూత తియ్యి తమ్ముడూ, ఊపిరాడదు" అంది.

"క్లోత్స్ అంటోంది," అన్నాను నేను.

తండ్రిని పెట్టెలో పెట్టామని, పైగా అబద్ధం చెప్పామని ఒక పరాయి మనిషి ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఆవిడ నా మాట నమ్మి నెలల తరబడి బట్టల గురించే మాట్లాడింది.

చివరికి సంస్థకి పంపడానికి అమ్మ అక్క బట్టలు సర్దుతుంటే, ఆ ఒక్కసారి అక్క దేన్నీ లాగిపడేయలేదు. గోడకి ఆనుకుని నిలబడి, "నన్నూ ఇందులోనే పెడతారా అమ్మా?" అంది. అమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఫోన్ చేసి థెరపిస్టుకి అంతా చెప్పేశాను.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఇంకొన్నాళ్ళు ఆగమని వర్క్‌షాపువాళ్ళని ఒప్పించి, నిజాన్ని చిన్న చిన్న మాటల్లో అమ్మచేతే చెప్పించింది, నాన్న ఫొటో పెట్టి, మళ్ళీ మళ్ళీ. కొన్ని వారాలు గడిచాక ఒకరోజు ఆవిడ గదిలో అక్క ఉన్నట్టుండి అడిగింది.

"మంచులో పడ్డాడు నాన్న. చలేసిందా?"

"వేసే ఉంటుంది తల్లీ," అంది అమ్మ. అప్పటిదాకా అక్క ముందు ఏడవని అమ్మ ఆ రోజు ఏడ్చింది, అక్క కూడా. ఇంటికొచ్చాక అక్క అలమరలోంచి మఫ్లర్ తీసింది. సంచుల జోలికి వెళ్ళడం మెల్లమెల్లగా తగ్గింది. వర్క్‌షాపు మానాల్సిన పని రాలేదు. ఇండియా వెళ్ళే సూట్‌కేసులో మాత్రం మఫ్లర్ ఉండాల్సిందే.

ఇప్పుడు మన పిల్లల్లోనే థెరపిస్టులున్నారు, ట్రామా అన్న మాట పుట్టినరోజు పార్టీల్లో కూడా వినిపిస్తోంది. అక్కలాంటివాళ్ళతో నేరుగా తెలుగులో మాట్లాడే థెరపిస్టు అమ్మాయి ఒకరు ఈమధ్య పరిచయమైతే, సంతోషించాల్సింది పోయి కళ్ళు తిప్పుకున్నాను. ఆనాడు మా అక్కకీ ఆ అమెరికన్ థెరపిస్టుకీ మధ్య నేను లేకపోతే, నాన్నకి ఊపిరాడడం లేదన్న భయంతో అక్క అన్ని నెలలు గడిపి ఉండేది కాదు.

జిప్పు వేయబోతుంటే, జుట్టంతా నెరిసిన అక్క వచ్చి లోపల ఒకసారి తడిమి చూసుకుంది. "ఇంక మూసెయ్ తమ్ముడూ," అంది.