అన్న పోసిన ఆకుకూర రసం

2023 మార్చి. చేవెళ్ల బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు వెనక రెండు గదుల ల్యాబ్ మాది. అప్పటికి పదహారేళ్లుగా నేనక్కడ టెక్నీషియన్‌ని. రక్తం తీయడం, పరీక్ష చేయడం, కాగితం మీద అంకె వేసి ఇవ్వడం వరకే నా పని. ఆ అంకెకు అర్థం చెప్పాల్సింది డాక్టరు. ఆ హద్దు దాటకూడదని చదువుకునే రోజుల్లోనే మాకు గట్టిగా చెప్పారు. నేనెప్పుడూ దాటలేదు. ఆ మార్చిలో మాత్రం అంచుదాకా వెళ్లాను.

కరుణకు అప్పుడు ముప్పై ఏళ్లు. చిన్నప్పుడు కీళ్లనొప్పులతో వచ్చిన జ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసింది. రెండేళ్ల క్రితం హైదరాబాదులో ఆపరేషన్ చేసి లోహపు వాల్వ్ పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినంతకాలం రోజూ మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర సరిగ్గా పనిచేస్తోందో లేదో చెప్పేదే ఐఎన్ఆర్ పరీక్ష. కరుణకు అది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. పెరిగితే రక్తస్రావం. తగ్గితే వాల్వ్ మీద గడ్డ, అది మెదడుకు చేరితే పక్షవాతం.

ప్రతి నెలా అన్న ప్రభాకర్ ఆమెను బండి మీద తీసుకొచ్చేవాడు. అమ్మానాన్న పోయాక చెల్లెలి బాధ్యతంతా అతనిదే. కనకమామిడిలో అతనికి ఎకరన్నర ఆకుకూరల తోట ఉంది. పొద్దున్నే మార్కెట్లో కట్టలు దింపేసి, ఇంటికెళ్లి ఆమెను ఎక్కించుకుని వచ్చేవాడు. నేను సూది చేతిలోకి తీసుకోగానే ఇద్దరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. మాది దేవుడి పటాల ఇల్లు, చర్చి పద్ధతులు నాకు తెలియవు. అయినా వాళ్లు ఆమెన్ అనేదాకా చేయి ఆపుకుని నిలబడేదాన్ని. రిపోర్టులో అంకెను ప్రభాకర్ తన బైబిల్ చివరి తెల్లకాగితం మీద రాసుకునేవాడు. 2.8, 2.9, 2.7. రెండేళ్లుగా పెద్ద తేడా లేదు.

ఆ నెల 1.9 వచ్చింది. హైదరాబాదు డాక్టరు ఫోన్లోనే విని అర మాత్ర పెంచారు. పది రోజులకు మళ్లీ చేస్తే 1.5.

మాత్ర పెంచాక అంకె పెరగాలి కదా, ఇంకా పడిపోయింది. ప్రభాకర్ కాగితం పట్టుకుని గది బయటికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"మేడం, నిజం చెప్పుండ్రి. గోలి ఏస్కుంటే గిట్ల అయితదా?"

"ఎందుకలా అడుగుతున్నారు?"

"పోయిన నెల మొయినాబాద్ కాడ మీటింగ్ అయింది. ఎక్కడ్నుంచో వచ్చిన బోధకుడు, నమ్మినోళ్లు గోలీలు పారెయ్యుండ్రి అన్నడు. కరుణ గూడ విన్నది. గప్పటిసంది నాకు ఫికర్ పట్టుకున్నది. దినాం గోలీలు లెక్కవెడ్తున్న, లెక్క సరిగ్గనే ఉన్నది. గని మింగుతున్నదో పారేస్తున్నదో నాకేమెరుక?"

లోపల కూర్చున్న కరుణ అప్పటికే గుమ్మంలోకి వచ్చి ఉంది.

"అన్నా, నన్ను గట్లనుకున్నవా? మీటింగ్ నుంచి వచ్చిన్నాడే నీకు చెప్పలే? గోలి గూడ దేవుడిచ్చిందే అని. దినాం ప్రార్థన చేస్కొనే ఏస్కుంటున్న. నువ్వు గోలీలు లెక్కవెడ్తున్నవా?"

ప్రభాకర్ తల దించుకున్నాడు. నాకూ తలెత్తాలనిపించలేదు. నిజం చెప్పాలంటే, 1.5 చూడగానే నాకొచ్చిన అనుమానం కూడా అదే. మాత్రలు మానేసి వేసుకుంటున్నామని చెప్పేవాళ్లను చాలామందినే చూశాను.

ముందు నా పనిలో తప్పుందేమో చూసుకున్నాను. ఈ పరీక్షకు నీలం మూత గొట్టం వాడతాం. అందులో ముందే కొంచెం మందు నీళ్లుంటాయి. రక్తం గీతదాకా నిండకపోతే అంకె తప్పు వస్తుంది. గొట్టం సరిగ్గానే నిండింది. మిషన్‌లో కంట్రోల్ శాంపిల్, అంటే జవాబు ముందే తెలిసిన రక్తం, పెట్టి చూశాను. అదీ సరిగ్గానే వచ్చింది. రెండో చేతి నుంచి మళ్లీ రక్తం తీశాను. మళ్లీ 1.5.

అన్నాచెల్లెళ్లు బెంచీ మీద చెరో చివరా కూర్చున్నారు. కాసేపటికి ప్రభాకర్ సంచిలోంచి స్టీలు సీసా తీసి, మూతలోకి వంపి, చెల్లెలి వైపు చూడకుండానే చేయి చాపాడు.

"రెండుసార్లు రక్తం తీసిండ్రు. జర తాగు."

మూతలో ఉన్నది చిక్కటి ఆకుపచ్చ రసం.

"ఏంటది?" అన్నాను.

"పాలకూర రసం మేడం. మా తోటదే."

"రోజూ తాగుతుందా?"

"శ్రమదినాలు షురువైన కాడ్నుంచి. ఈస్టర్ ముంగట నలభై దినాలు మేము కోడి, చాప, ఏ నీసు ముట్టం. ఆపరేషన్ అయినంక ఈయేడే ఈమె గూడ పట్టింది, నీరసం అయితదని పొద్దుగాల నేనే రుబ్బి పోస్తున్న. రెండు పూటల తోటకూర, మెంతికూర. ఆకుకూర తింటే రక్తం పడుతదంటరు కద."

ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ. రక్తం గడ్డకట్టడానికి కావలసింది అదే, కరుణ మాత్ర అడ్డుకునేదీ దాన్నే. మామూలుగా తినే కూరకు సరిపడా డాక్టరు మాత్ర లెక్కకట్టి ఇస్తారు. ఒక్కసారిగా ఇంత ఆకు తింటే ఆ మాత్ర చాలదు. ఆమె మాత్ర మింగుతూనే ఉంది. అన్న ప్రేమగా పోసిన రసం దాన్ని పనిచేయనివ్వలేదు.

వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి అంకెతో పాటు ఈ సంగతీ చెప్పాను. ఆయన, "మంచిపని చేశారమ్మా. ఇది తెలియకపోతే ఇవాళ మాత్ర ఇంకా పెంచేవాణ్ని. పండగ తర్వాత ఆకుకూర తగ్గగానే రక్తస్రావం అయ్యేది" అన్నారు. వాల్వ్ మీద గడ్డ ఉందేమో స్కాన్ చేసి చూడాలి, వెంటనే హైదరాబాదు పంపండి అన్నారు.

ఫోన్ పెట్టేసి డాక్టరు అన్నమాటే వాళ్లకు చెప్పాను. ప్రభాకర్ గోడకు ఆనుకున్నాడు. "అంటే నేనే చేసిన్నా మేడం? నా చేతులతోని నేనే..."

కరుణ లేచి వెళ్లి అతని చేతిలోని మూత తీసుకుంది. "నా పానం మంచిగుండాల్ననే పోసినవ్. ఎవ్వరికి తెలుసు ఇది? పా, ఆటో మాట్లాడు."

ఆ మధ్యాహ్నం ఎన్ని గొట్టాలకు లేబుళ్లు అంటించానో గుర్తులేదు. నా చూపంతా ఫోన్ మీదే. నాలుగు దాటాక మోగింది.

"మేడం, వాల్వ్ క్లీన్‌గ ఉన్నదంట! గడ్డ లేదంట!" ప్రభాకర్ ఏడుస్తున్నాడు. వెనక నుంచి కరుణ, "అన్నా, అందరు చూస్తున్నరు" అంటోంది. నేను మిషన్ గదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

అంకె పెరిగేదాకా రక్తం గడ్డకట్టకుండా రోజుకు రెండుసార్లు పొట్ట మీద ఇంజెక్షన్ చేయాలన్నారు. ఆసుపత్రి నర్సు దగ్గర ప్రభాకరే నేర్చుకున్నాడు. మొదటిరోజు అతని చేయి వణికితే కరుణ ఆ చేయి మీద చేయి వేసి ప్రార్థన చేసిందట. "నా నొప్పికోసం కాదు మేడం, ఈయన చెయ్యి కుదురుగుండాలని" అని తర్వాత నవ్వుతూ చెప్పింది. ఆకుకూర మానొద్దు, రోజూ కొంచెం, ఒకే కొలతలో తినమన్నారు డాక్టరు. మరి శ్రమదినాల సంగతేంటని వాళ్ల పాస్టరును అడిగితే, "నీసు కద మానింది? బీరకాయ, సోరకాయ, పప్పు తినమ్మా. దేవుడు పాలకూర ఒక్కటే పుట్టియ్యలే" అన్నాడట.

పండుగ తర్వాతి సోమవారం వచ్చారు. 2.8. ప్రభాకర్ ఆ అంకె రాసుకోలేదు, కాగితం ముందు చెల్లెలికిచ్చాడు. "నువ్వే చూడు. ఇగ నేను గోలీలు లెక్కవెట్ట" అన్నాడు. కరుణ కాసేపు అంకె చూసి, కాసేపు అన్నను చూసి, "గని పొద్దుగాల చాయ్ మాత్రం నువ్వే పెట్టు" అంది.

ఆ తర్వాత ఐఎన్ఆర్‌కి ఎవరొచ్చినా సూది తీయకముందే అడుగుతున్నాను: ఈ నెల తిండిలో ఏమైనా మారిందా, ఉపవాసమో మొక్కో పండుగో ఏమైనా ఉందా అని. మాత్ర వేసుకుంటున్నారా అని అడిగితే మనిషి ముడుచుకుపోతాడు. ఏం తింటున్నారని అడిగితే ఇల్లంతా విప్పి చెబుతాడు. పదహారేళ్లు పనిచేశాక ఈ సంగతి నాకు నేర్పింది ఆ అన్నాచెల్లెళ్లే.