దూది తగిలినా మంటే

దుర్గిలో రాతిబొమ్మలు చెక్కే చిన్నకోటయ్యకు మణికట్టు విరిగింది. సిమెంటు కట్టు విప్పేసరికి ఎముక అతికింది గానీ చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు మండేది. వాచి, ఊదారంగు తిరిగిన ఆ చేతిని చూస్తే అతనికే రోత పుట్టేది. ఎక్స్‌రే చూసిన డాక్టరు నటనన్నాడు. ఆ మాట బావమరిది శివాజీ ఊరంతా చెప్పి నవ్వడం ఇంకా రోత.

నరసరావుపేటలో ఒక డాక్టరమ్మ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసి, దూదితో తాకింది. అతను కెవ్వుమన్నాడు.

"నాటకం కాదు బాబాయ్. దెబ్బ మానినా నరాల నొప్పి మానలేదు. సీఆర్‌పీఎస్ అంటారు. మందులిస్తా, కానీ చెయ్యి దాచుకోకుండా రోజూ కదిలించాలి."

ఆర్నెల్లు ఏడుస్తూనే కదిలించాడు. మంట సగం తగ్గి, చిన్న ఉలి పట్టగలిగాడు. అప్పుడొచ్చాడు శివాజీ.

"నే చెప్పలా బావా, ఏం లేదని?"

"ఛీ! నీ మొహం చూస్తేనే రోత పుడుతోంది. పోరా," అన్నాడు చిన్నకోటయ్య.