సాంచ కింద పోసిన బిందె

పోయిన వారం దాజీ పేట్‌లోని ఆ సందులో సాంచలు ఆగిపోయాయి. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. ఆ సందులో అవి ఆగాయంటే కరెంటైనా పోయి ఉండాలి, మనిషైనా పోయి ఉండాలి. పోయింది మా బాయి. షోలాపూర్‌లో ఆడ టీచర్లందరినీ బాయి అనే పిలుస్తారు కానీ, నాకు బాయి అంటే కాలేజీలో సమాజశాస్త్రం చెప్పిన ఆమె ఒక్కరే. దిగులుగానే ఉంది. తలుచుకుంటే మాత్రం ఏడుపు కన్నా ముందు నవ్వే వస్తోంది.

బాయి పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో ముందు గది ఆమెది, వెనక షెడ్డులో తమ్ముడి సాంచలు. ఆ గదిలో ఎప్పుడు చూసినా చదువుకునే పిల్లలే. కరువుకు ఊళ్లొదిలిన వాళ్ల మీద ఒకరు, ఎండిపోయిన బావుల మీద ఒకరు పరిశోధన మొదలుపెట్టి, ఎటు పోవాలో తోచక వచ్చి కూర్చునేవాళ్లు. బాయి ముందు జొన్నరొట్టె, పల్లీల చట్నీ పెట్టేవారు. తర్వాతే "ఇగ చెప్పు" అనేవారు. చెబుతున్నంతసేపూ కొంగుతో కళ్లద్దాలు తుడుస్తూ ఉండేవారు. అవి మళ్లీ పెట్టుకున్నారంటే మన మాటలో ఎక్కడో లోపం దొరికిందన్నమాట.

ఎనభైల చివర్లో నేనూ అలాగే చేరాను. ఏటేటా ఎండలు ముదిరి నీళ్లు తగ్గుతుంటే నేతవాళ్ల ఇళ్లలో ఏం మారుతోందన్నది నా విషయం. యూనివర్సిటీ కమిటీలో ఒక పెద్దాయన, "ఎండావానా సైన్సు వాళ్లు చూసుకుంటారు, మీకెందుకు?" అన్నారు. వచ్చే సమావేశంలో ఏమైనా చూపించకపోతే విషయం మార్చుకోవాల్సిందే. మళ్లీ మొదటి నుంచీ మొదలుపెడితే ఇంట్లో ఆగేలా లేరు, మా నాయన అప్పటికే సంబంధాలు చూస్తున్నాడు.

ఇంట్లోకి రోజుకు ఎన్ని బిందెల నీళ్లని ఇంటింటా అడిగాను. మొట్టమొదట అడిగింది బాయినే. సాంచలున్న ఇంటికీ లేని ఇంటికీ జవాబులో తేడా రాలేదు. ముఖం వేలాడేసుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఏ యాళ్లకు పోయినవ్?" అన్నారు.

"పగటీలి బాయి, అందరు ఖాళీగుంటరని."

"నల్లా నీళ్లొచ్చేటప్పుడు పో. ఏమడగకు. వాళ్లతోటి బిందె మొయ్యి."

నీలం నగర్‌లో ఒక అక్క వెంట బిందె మోశాను. అక్క మొదటి బిందెతో వంటింట్లోకి పోలేదు. నేరుగా షెడ్డులోకి నడిచి సాంచ కింద నేలంతా తడిపింది. ఎండలకు పోగు పొడిబారి ఊరికే తెగుతుంది, నేల తడిగా ఉంటే కాస్త ఆగుతుంది. ఇది నాకు కొత్త కాదు, మా అమ్మా రోజూ చేసే పనే.

"ఈ నీళ్లు చెప్పలేదేందక్కా?"

"నువ్వు ఇంట్లకు ఎన్నని అడిగినవ్. ఇవి సాంచ నీళ్లు గద."

ఇంకొన్ని ఇళ్లలోనూ అలాగే బిందె మోశాను. నీళ్లు తక్కువైన కొద్దీ ఆ ఇళ్లలో స్నానాలు తగ్గాయి, బట్టలుతకడం తగ్గింది, ఆడవాళ్లు దాహం ఆపుకోవడం పెరిగింది. సాంచ బిందె మాత్రం తగ్గలేదు. నేను వెతుకుతున్నది అదే.

పరుగున వచ్చి చెబితే బాయి కళ్లద్దాలు పెట్టుకుని, వెంటనే తీసేసి, పకపకా నవ్వారు. "నేను గూడ నీకు చెప్పలే గద పోరీ. ఇన్నేండ్లు పాఠాలు చెప్పిన, నా ఇంట్ల నీళ్లు నేనే మర్చిన."

కమిటీ రోజు నాతో బస్సెక్కి వచ్చారు. లోపలికి మాత్రం రాలేదు. "నేనొస్తే అది నా ముచ్చట అయితది" అని బయట బెంచీ మీద కూర్చున్నారు. సాంచ బిందె లెక్క విని, విషయం మార్చక్కర్లేదన్నారు కమిటీవాళ్లు. తిరుగు బస్సులో ఇద్దరం రొట్టె తిని హాయిగా నిద్రపోయాం.

తర్వాత ఆ గదికి ఎవరొచ్చినా ఈ కథ చెప్పేవారు, తన తప్పుతోనే మొదలుపెట్టి. "తెల్వంది అందరం అడుగుతం బిడ్డా. తెలిసిందే అడగం" అనేవారు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలకు నేనూ అదే చెబుతున్నాను, రొట్టె పెట్టాకే. ఆమె దొరకడం నా అదృష్టం.

మూడో రోజు ఆ ఇంట్లో మళ్లీ సాంచలు నడపబోతుంటే నేనక్కడే ఉన్నాను. నల్లా వచ్చింది. బాయి మరదలు మొదటి బిందె నింపి నా చేతికిచ్చింది.

"నీ బిందెల ముచ్చటైన కాడికెల్లి ఈ బిందె వదినె ఎవ్వర్ని పొయ్యనియ్యలే. ‘ఇవిగూడ ఇంటి నీళ్లే’ అనుకుంట తనే పోస్తుండె. ఇయ్యాల నువ్వు పొయ్యి."

ఆ మాటే అనుకుంటూ పోశాను. వేడి నేల నీళ్లను పీల్చుకుని నల్లబడింది. బాయి తమ్ముడు స్విచ్చి వేశాడు.